మీరు రాసిన ఉత్తరాలు ఎక్కడున్నాయి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. దాంతో చాలా ఇళ్లలో, చిన్న చిన్న ఆఫీసుల్లో పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొనే మాట మొదలైంది. కొనడం తేలికే. పాతదానిలో ఉన్నవన్నీ కొత్తదానిలోకి చేర్చడం దగ్గరే చిక్కు. ఫోటోల విషయంలో అందరూ జాగ్రత్తపడతారు. పెళ్లి వీడియోలు ముందే పెన్‌డ్రైవ్ ఎక్కేస్తాయి. ఈ-మెయిల్ సంగతే చివరిదాకా ఎవరికీ గుర్తు రాదు. ఈ పూట నేను మాట్లాడబోయేది దాని గురించే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ కానివ్వండి, మీ ఊరి బస్టాండు పక్కనున్న రెండు గదుల షాపు కానివ్వండి, అక్కడ నడిచే సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది.

“అంకుల్, ఇందులో డేటా ఏమన్నా ఉందా? ఫార్మాట్ కొట్టేయనా?”

“ఉండు బాబూ. ఫోటోలున్నాయి. మెయిల్స్ కూడా ఉన్నాయి.”

“ఫోటోలు కాపీ చేసిస్తా. మెయిల్స్‌కేముందంకుల్, కొత్తదాంట్లో పాస్‌వర్డ్ కొడితే అవే వచ్చేస్తాయి.”

ఆ కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. అతను పుట్టి పెరిగిన కాలంలో మెయిల్ అంటే జీమెయిల్, జీమెయిల్ అంటే ఫోన్‌లో ఉండేది. ఫోన్ మార్చినా అవే ఉత్తరాలు, కంప్యూటర్ మార్చినా అవే ఉత్తరాలు. ఉత్తరం కంప్యూటర్లోనే ఉండిపోయే కాలం ఒకటి ఉండేదని అతను చూసి ఉండడు. పిల్లలు పైచదువులకో ఉద్యోగాలకో అమెరికా వెళ్లిన కొత్తలో మెయిల్ మొదలుపెట్టిన అమ్మానాన్నలకు, ఇరవై ఏళ్లుగా ఒకే కంప్యూటర్ మీద లెక్కలు రాసుకుంటున్న ఆడిటర్లకు, రచయితలకు, పత్రికల వాళ్లకు ఆ కుర్రాడి మాట చాలా ప్రమాదం.

కాబట్టి ఫార్మాట్‌కు ఒప్పుకునే ముందు ఒక్క ప్రశ్న తేల్చుకోవాలి. నా ఉత్తరాలు అసలు ఎక్కడున్నాయి? నా కంప్యూటర్లోనా, మెయిల్ కంపెనీవాళ్ల సర్వర్లోనా?

ఇది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. సర్వర్లో పడ్డ ఉత్తరాన్ని మన కంప్యూటర్లో చూడ్డానికి వచ్చిన పద్ధతుల్లో బాగా వాడుకలోకి వచ్చినవి రెండు. ఒకటి పాప్. పోస్ట్ ఆఫీస్ ప్రోటోకాల్‌కు పొట్టి పేరు. 1984లో మొదటి రూపం వచ్చింది. రెండోది ఐమ్యాప్. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మార్క్ క్రిస్పిన్ 1986లో దాన్ని రూపొందించాడు. పాప్ ఉత్తరాన్ని దించి మన చేతికిచ్చేస్తుంది, ఉంచమని చెప్పి ఉంటే తప్ప మామూలుగా సర్వర్లో ఉన్నది తుడిచేస్తుంది. ఐమ్యాప్‌లో ఉత్తరం సర్వర్లోనే ఉంటుంది. మనకు కనిపించేది దాని నకలు.

దించుకుని తుడిచేయడమేమిటి, ఇదేం పద్ధతి అని ఇప్పుడు అనిపించవచ్చు. అప్పటికి అదే సరైన పద్ధతి. విదేశ్ సంచార్ నిగమ్ వాళ్లు మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం 1995 ఆగస్టు 15న మొదలుపెట్టారు. టెలిఫోన్ తీగ మీద మోడెం కీచుమని అరిచి, ఎప్పటికో కలిసేది. కలిసి ఉన్నంతసేపూ గంటల లెక్క ఒకవైపు, ఫోన్ బిల్లు ఒకవైపు. ఇంట్లో ఎవరైనా ఫోన్ ఎత్తితే కథ మొదటికి వచ్చేది. అందుకని గబగబా కలిపి, ఉత్తరాలన్నీ దించేసి, లైను కట్ చేసి, తీరిగ్గా చదువుకునేవాళ్లు. అటు సర్వర్లో చోటు కూడా ఎక్కువ ఉండేది కాదు. 1996 జూలై 4న మొదలైన హాట్‌మెయిల్ చాలాకాలం ఉచితంగా ఇచ్చిన జాగా 2 మెగాబైట్లు. ఇప్పుడు మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫోటో అందులో పట్టకపోవచ్చు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ ఇస్తానంటే, తేదీ చూసి చాలామంది వేళాకోళం అనుకున్నారు. అంతవరకూ అన్నీ సర్వర్లోనే దాచుకోవడమనే ఆలోచన మామూలు జనానికి లేదు. దించుకోవాలి, తుడవాలి.

ఇబ్బంది ఏమిటంటే, ఆనాడు కంప్యూటర్ బిగించిన కుర్రాడు పాప్ అని పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది, ఫైబర్ వచ్చింది. ఆ అమరిక మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కంప్యూటర్ మారినప్పుడల్లా పాతది చూసి కొత్తదానిలోనూ అలాగే పెట్టారు. మీ ఇంట్లో ఔట్‌లుక్, థండర్‌బర్డ్ లాంటివి వాడుతుంటే, పాప్ ఇంకా బతికే ఉండటానికి అవకాశం గట్టిగానే ఉంది.

తెలుసుకునే దారి చాలా తేలిక. కంప్యూటర్ పక్కన పెట్టండి. మీ ఫోన్‌లో గానీ, పక్కింటివాళ్ల కంప్యూటర్లో గానీ బ్రౌజర్ తెరిచి, మెయిల్ వెబ్‌సైట్‌లోకి వెళ్లండి. మూడు చోట్ల చూడండి. ఇన్‌బాక్స్ అట్టడుగుకు వెళ్లి అన్నిటికంటే పాత ఉత్తరం తేదీ చూడండి. పంపిన ఉత్తరాల ఫోల్డర్లో, అంటే సెంట్‌లో, అలాగే పాత తేదీ చూడండి. మీరు పేర్లు పెట్టి చేసుకున్న ఫోల్డర్లు, బ్యాంకు, ఇన్‌కమ్ టాక్స్, పెద్దబ్బాయి, అలాంటివి అక్కడ ఉన్నాయో లేవో చూడండి. మూడూ మీ కంప్యూటర్లో ఉన్నట్టే అక్కడా ఉంటే, ఉత్తరాల వరకు షాపు కుర్రాడి మాటే నిజం. నిశ్చింతగా ఉండండి. వాటిలో ఏ ఒక్కటి లేకపోయినా, అక్కడ కనిపించని ఉత్తరాలు మీకు ఆ పాత హార్డ్‌డిస్కులో తప్ప ఇంకెక్కడా లేనట్టే.

ఇక్కడ పంపిన ఉత్తరాల గురించి కాస్త ఆగి చెప్పాలి. నా ఉద్దేశంలో ఈ పూట అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇదే.

పాప్ దించేది ఇన్‌బాక్స్‌ని మాత్రమే. మనం రాసి పంపిన ఉత్తరం నకలు సాధారణంగా మన కంప్యూటర్లోని సెంట్ ఫోల్డర్లో పడి అక్కడే ఉండిపోతుంది. సర్వర్లో ఒక కాపీ ఉంచమని మీరు జాగ్రత్తగా చెప్పి ఉన్నా సరే, అది వచ్చిన ఉత్తరాలకే వర్తిస్తుంది. పంపినవాటికి కాదు. అందుకే కొత్త కంప్యూటర్లో మెయిల్ తెరిచినవాళ్లు ఇన్‌బాక్స్ నిండుగా కనిపించేసరికి అన్నీ వచ్చేశాయనుకుంటారు. తాము రాసినవి లేవని తెలిసేది ఏ ఆరు నెలలకో, ఏ టాక్స్ నోటీసుకో మనం ఇచ్చిన జవాబు వెతుక్కోవలసి వచ్చినప్పుడు. అప్పటికి పాత కంప్యూటర్ ఎక్స్చేంజ్‌లో పోయి ఉంటుంది.

కాగితం ఉత్తరాల కాలంలో మనకు వచ్చినవి మన దగ్గర ఉండేవి. మనం రాసినవి అవతలివాళ్ల దగ్గర ఉండేవి. ఆఫీసుల్లో కార్బన్ కాపీ పెట్టుకునేవారు గానీ, ఇంట్లో ఇన్‌లాండ్ లెటర్‌కు నకలు రాసి పెట్టుకున్నదెవరు? ఉత్తరాలు రాయడంలో పేరుపడ్డ తుమ్మపూడి సంజీవదేవ్ గారి లేఖలు పుస్తకంగా మనకు దొరుకుతున్నాయంటే, అందుకున్నవాళ్లు వాటిని పారేయకుండా దాచుకోబట్టే. రాసినవాడి దగ్గర రాసింది ఉండటం మామూలు మనిషికి ఈ-మెయిల్‌తోనే మొదటిసారి సాధ్యమైంది. పిల్లవాడు డాలస్‌లో దిగిన వారానికి నాన్న ఏం రాశాడు, అమ్మ పక్కన కూర్చుని ఏం రాయించింది, ఇల్లు కట్టేటప్పుడు తమ్ముడికి ఏం లెక్క చెప్పారు, అన్నీ ఆ సెంట్ ఫోల్డర్లో ఉన్నాయి. కంప్యూటర్ మారినప్పుడు ముందుగా పోయేది సరిగ్గా అదే.

సరే, ఉత్తరాలు పాత కంప్యూటర్లోనే ఉన్నాయని తేలింది. ఇప్పుడేం చేయాలి? మీరు వాడుతున్న ప్రోగ్రామ్‌ని బట్టి ఉంటుంది. రేడియోలో ఫైళ్ల పేర్లు వరసగా చదివితే వినేవాళ్లకు నిద్రొస్తుంది కాబట్టి ఎంత అవసరమో అంతే చెబుతాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే మంచిది.

థండర్‌బర్డ్ వాడుతున్నవాళ్లు అదృష్టవంతులు. 2004 డిసెంబర్‌లో మొదటి పూర్తి వెర్షన్ వచ్చిన ఉచిత ప్రోగ్రామ్ అది. ఉత్తరాలు, చిరునామాలు, ఖాతాల అమరికలు, పాస్‌వర్డ్‌లు అన్నీ ప్రొఫైల్ అనే ఒకే ఫోల్డర్లో పెట్టుకుంటుంది. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఆ ఫోల్డర్ ఎక్కడుందో చూపించి, తెరిచి కూడా పెడుతుంది. థండర్‌బర్డ్ మూసేసి, ఆ ఫోల్డర్‌ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, కొత్త కంప్యూటర్లో థండర్‌బర్డ్ వేసి, ఇంపోర్ట్ అన్న చోట దాన్ని చూపించాలి. అంతే. పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే ఉన్నాయన్నాను కదా, ఆ పెన్‌డ్రైవ్ షాపులో మరిచిపోయి రాకండి.

అందులో ఉత్తరాలు ఉండే పద్ధతి కూడా ముచ్చటగా ఉంటుంది. మన పాత ఇళ్లలో గోడ మేకుకు ఒక ఇనపతీగ వేలాడుతూ ఉండేది, వచ్చిన ఉత్తరాన్నల్లా దానికి గుచ్చేసేవారు. ఎంబాక్స్ అనే ఫైలు సరిగ్గా ఆ తీగే. ఒక ఉత్తరం కింద ఇంకో ఉత్తరం, వచ్చిన వరసలో, మామూలు అక్షరాల్లో. ఇన్‌బాక్స్ మొత్తం కలిపి ఒకే ఫైలు. ఇందులో లాభముంది, చాలా ప్రోగ్రామ్‌లు దాన్ని చదవగలవు. నష్టమూ ఉంది. మీరు డిలీట్ చేసిన ఉత్తరం కనపడకుండా పోతుందే గానీ, కాంపాక్ట్ చేసేదాకా ఆ ఫైల్లోంచి ఊడిరాదు. తరలించేముందు ఒకసారి కాంపాక్ట్ చేస్తే ఫైలు చిన్నదవుతుంది, పోయిన ఉత్తరాలు కొత్త కంప్యూటర్లో లేచి కూర్చోకుండా ఉంటాయి.

ఔట్‌లుక్ వాడేవాళ్లు పీఎస్‌టీ అనే మూడక్షరాలు రాసుకోండి. పాప్ ఖాతా అయితే ఉత్తరాలు, కాంటాక్ట్స్, క్యాలెండర్ అన్నీ ఆ ఒక్క ఫైల్లో ఉంటాయి. ఔట్‌లుక్ 2010లోనూ, ఆ తర్వాతివాటిలోనూ అది సాధారణంగా డాక్యుమెంట్స్ లోపల ఔట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్లో దొరుకుతుంది. ఇంకా పాతవాటిలో విండోస్ దాచిపెట్టే ఫోల్డర్లలో ఉంటుంది, వెతకాలి. ఔట్‌లుక్ మూసేశాకే కాపీ చేయండి, తెరిచి ఉండగా చేస్తే కాపీ సరిగ్గా రాదు. 2003 కంటే ముందు ఔట్‌లుక్‌లో తయారైన ఫైలు 2 గిగాబైట్లు దాటితే పాడైపోయేది. మీది ఆ కాలం నాటిదైతే ముందు సైజు చూసుకోండి.

దానికి సోదర ఫైలు ఓఎస్‌టీ. పేరులో ఒక్క అక్షరం తేడా, గుణంలో మాత్రం చాలా తేడా. అది సర్వర్లో ఉన్నదానికి ఆ కంప్యూటర్ పెట్టుకున్న నకలు మాత్రమే. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఇంకో కంప్యూటర్లో తెరుద్దామంటే ఔట్‌లుక్ తెరవదు. బ్యాకప్ తీశానని గుండెమీద చేయి వేసుకుని పడుకున్నవాళ్ల దగ్గర ఉన్నది తీరా చూస్తే ఓఎస్‌టీ అయి ఉంటుంది. అలాంటప్పుడు ఔట్‌లుక్‌లోనే ఎక్స్‌పోర్ట్ అన్నచోటికి వెళ్లి, పీఎస్‌టీగా మార్చి తీసుకోవాలి.

విండోస్ ఎక్స్‌పీ నాటి ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఇంకా నడుస్తోందంటారా? నడుస్తున్న ఇళ్లున్నాయి. పేరు కలిసినా ఔట్‌లుక్‌కూ దానికీ చుట్టరికం లేదు, దాని ఫైళ్లు డీబీఎక్స్ అని వేరే రకం. వాటిని నేరుగా కొత్త కంప్యూటర్లో తెరవాలని తిప్పలు పడకండి. ఆ ఎక్స్‌పీ మీదే థండర్‌బర్డ్ పాత వెర్షన్ వేసి, దానితో ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఉత్తరాలు లాగించి, తర్వాత నేను ఇందాక చెప్పినట్టు చేయండి. ఎక్స్‌పీ మీద పనిచేసే ఆఖరిది 52వ వెర్షన్. విండోస్ 10తో పాటు వచ్చిన మెయిల్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆగింది. అందులోనే ఉండిపోయిన ఉత్తరాలుంటే కంప్యూటర్ మార్చకముందే బయటకు తీసుకోవాలి.

ఇవన్నీ కాకుండా ఇంకో దారి ఉంది. ఫైళ్లతో పనిలేనిది, నాకు బాగా నచ్చినది. పాత కంప్యూటర్లోని ప్రోగ్రామ్‌లోనే మీ జీమెయిల్‌ను ఐమ్యాప్ పద్ధతిలో రెండో ఖాతాగా కలపండి. ఎడమపక్క రెండు ఖాతాలూ కనిపిస్తాయి. పాత సెంట్ ఫోల్డర్లో ఉత్తరాలు ఎంచుకుని, జీమెయిల్ కింద కొత్తగా చేసిన ఫోల్డర్లోకి కాపీ చేయండి. అవి మెల్లగా సర్వర్లోకి ఎక్కిపోతాయి. ఆ తర్వాత ఏ కంప్యూటర్ కొన్నా, ఏ ఫోన్ కొన్నా అక్కడ కనిపిస్తాయి. మూవ్ అని కాకుండా కాపీ అనే నొక్కండి. మధ్యలో కరెంటు పోయినా అసలు ఎక్కడికీ పోదు. అన్నీ ఒక్కసారి కాకుండా ఏ ఏడాదికి ఆ ఏడాది విడిగా ఎక్కించండి. జీమెయిల్ ఉచితంగా ఇచ్చే 15 గిగాబైట్లు మీ ఫోటోలకూ, డ్రైవ్‌కూ కలిపి అని మరవకండి.

రెండు కంప్యూటర్లూ కొన్నాళ్లు పక్కపక్కన నడుపుతామంటే ఒక హెచ్చరిక. రెండిట్లోనూ పాప్ ఉండి, కాపీ ఉంచమని చెప్పకపోతే, ఏది ముందు తెరిస్తే దాంట్లో ఆ పూట ఉత్తరాలు పడతాయి, రెండోదానికి అవి దొరకవు. సగం ఇక్కడ, సగం అక్కడ. తర్వాత కలపడం బ్రహ్మప్రళయం.

ఇక చిరునామాలు. కాంటాక్ట్స్ అంటే మనందరికీ అర్థమవుతుంది కాబట్టి అలాగే అంటాను.

ఐమ్యాప్ ఉంది కదా, అన్నీ సర్వర్లో ఉన్నాయి కదా అనుకునేవాళ్లు కూడా దెబ్బతినేది ఇక్కడే. ఐమ్యాప్ మోసేది ఉత్తరాలను మాత్రమే. కాంటాక్ట్స్‌తో దానికి సంబంధం లేదు. ఔట్‌లుక్‌లో ఐమ్యాప్ ఖాతా ఉన్నవాళ్లు కాంటాక్ట్స్ తెరిచి చూడండి, పక్కన “ఈ కంప్యూటర్లో మాత్రమే” అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. అంత స్పష్టంగా రాసి పెట్టినా ఎవరం చదవం.

ఇంకో భ్రమ ఉంది. ఉత్తరం రాసేటప్పుడు ఎస్, ఆర్ అని రెండక్షరాలు కొట్టగానే శ్రీనివాసరావు గారి పేరు దానంతటదే వస్తుంది. అది చూసి ఆయన మన కాంటాక్ట్స్‌లో ఉన్నారనుకుంటాం. ఉండకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి ఆయనకు రాశాం కాబట్టి ప్రోగ్రామ్ ఆ పేరు జ్ఞాపకం పెట్టుకుంది, అంతే. ఔట్‌లుక్ ఆ జాబితాను కాంటాక్ట్స్‌తో కలపకుండా వేరే చోట పెట్టుకుంటుంది. జీమెయిల్ “ఇతర కాంటాక్ట్స్” అని వేరే మూలన పెడుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైల్లో ఆ పేర్లు రాకపోతే ఆశ్చర్యపోకండి. మార్గం ఒకటే, పాత కంప్యూటర్ ఉండగానే తరచూ రాసే ముప్పై నలభై మందిని వెతికి, నిజమైన కాంటాక్ట్స్‌లోకి చేర్చుకోవడం. విసుగు పనే. ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి.

కాంటాక్ట్స్ బయటకు తీసేటప్పుడు సీఎస్‌వీ కావాలా, వీకార్డ్ కావాలా అని అడుగుతుంది. వీకార్డ్ అనండి. సీఎస్‌వీలో తప్పు లేదు గానీ, దాన్ని చూడగానే ఎక్సెల్‌లో తెరవాలనే బుద్ధి పుడుతుంది మనకు. తెరిస్తే ఏమవుతుందో చెబుతాను. తొంభై ఒకటి కలిపి పన్నెండంకెల ఫోన్ నంబరు ఉందనుకోండి. ఎక్సెల్ దాన్ని పెద్ద సంఖ్య అనుకుని, తొమ్మిది పాయింటు ఒకటి ఏదో, ఇంటూ పది టు ది పవర్ పదకొండు అన్న ధోరణిలో కుదించి చూపిస్తుంది. ముందున్న ప్లస్ గుర్తు తీసేస్తుంది. ఎస్టీడీ కోడ్ ముందున్న సున్నా తినేస్తుంది. మీరు అలవాటుగా సేవ్ నొక్కితే ఫైల్లోకి వెళ్లేది ఆ కుదించిన రూపమే. అసలు నంబరు మళ్లీ రాదు.

పేర్లు తెలుగులో రాసుకున్నవాళ్లకు ఇంకో గండం. తెలుగు అక్షరాలను కంప్యూటర్ ఇప్పుడు యూనికోడ్‌లో, సాధారణంగా యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాస్తుంది. ఆ లెక్కలో మన ఒక్కో అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. చదివే ప్రోగ్రామ్ ఆ పద్ధతి గుర్తించకపోతే ఆ మూడిటినీ మూడు వేరువేరు గుర్తులుగా చూపిస్తుంది. అప్పుడు మీ లక్ష్మి గారి పేరు స్థానంలో, ఇంగ్లీషు చిన్న ఏ అక్షరం, నెత్తిన ఓ గీత, పక్కనే జ్వరం డిగ్రీలకు పెట్టే సున్నా, ఇవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు. లోపల అక్షరాలు క్షేమంగానే ఉన్నాయి. ఆ ఫైలు సేవ్ చేయకుండా మూసేసి, యూటీఎఫ్-8 అని చెప్పి మళ్లీ తెరిస్తే లక్ష్మి గారు తిరిగొస్తారు. పాత ఫోన్ల వీకార్డుల్లో ఈక్వల్‌టు గుర్తులతో, ఈ సున్నా, బీ సున్నా అని ఉన్నా అంతే, సరిగ్గా చదివించుకోవాలి. కానీ పేరు స్థానంలో వరసగా ప్రశ్నార్థకాలు కనిపించాయంటే మాత్రం, ఆ ఫైల్లో ఆ పేరు పోయింది. పాత కంప్యూటర్‌కు వెళ్లి మళ్లీ తీసుకోవడమే గతి. పాత కంప్యూటర్ ఇంకా ఉంటే.

తెలుగు మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. మన ఉత్తరాల్లో తెలుగు మూడు దశలు దాటింది. మొదట్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లం. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద ఆర్‌టీఎస్ అని ఒక లిపి పద్ధతి కూడా స్థిరపడింది. ఆ ఉత్తరాలకు ఏ ప్రమాదమూ లేదు, ఎన్ని కంప్యూటర్లు మారినా అలాగే ఉంటాయి. ఇప్పటివి యూనికోడ్, వాటికీ భయం లేదు. భయమంతా మధ్యకాలం వాటికి. అను అనే తెలుగు ఫాంట్లలో టైపు చేసిన కథలు, వ్యాసాలు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు మెయిల్‌కు తగిలించి పంపుకున్న కాలమది. వాటిలో నిజానికి తెలుగు అక్షరాలే ఉండవు. ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఫాంటు వాటికి తెలుగు ముఖం తొడుగుతుంది. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే కథంతా పిచ్చిగీతలే. రచయితలు, డీటీపీ చేసేవాళ్లు, చిన్న పత్రికలు నడిపేవాళ్లు ఈ మాట గట్టిగా పట్టించుకోవాలి. పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే అలాంటి అటాచ్‌మెంట్లను తెరిచి పీడీఎఫ్‌గా ఒక కాపీ, కుదిరితే యూనికోడ్‌లోకి మార్చి ఒక కాపీ తీసి పెట్టుకోండి.

అన్నీ కాపీ అయ్యాయి, కొత్త కంప్యూటర్లో పాస్‌వర్డ్ కొట్టారు, తప్పని చెబుతోంది. కొట్టింది సరైనదే. ఏమిటీ మాయ? పాత ప్రోగ్రామ్‌లు పాస్‌వర్డ్‌ను నేరుగా పంపి లోపలికెళ్లే పద్ధతిని పెద్ద కంపెనీలు మూసేశాయి. వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ 2022 మే 30న, మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16న. ఇప్పుడు బ్రౌజర్ కిటికీ ఒకటి తెరుచుకుని, అక్కడ మీరు అనుమతి ఇవ్వాలి. కొత్త కంప్యూటర్లో మళ్లీ అదే పాత ఔట్‌లుక్ 2007 సీడీ వేయించుకుంటే ఆ కిటికీ రాదు. థండర్‌బర్డ్ కొత్త వెర్షన్ వేసుకోండి, ఆ గొడవ లేదు. రెండంచెల తనిఖీ ఉన్నవాళ్లు ఓటీపీ ఏ ఫోన్ నంబరుకు వెళ్తోందో ముందే చూసుకోండి. నాలుగేళ్ల కింద వదిలేసిన సిమ్ నంబరుకు వెళ్తోందని కొత్త కంప్యూటర్ ముందు కూర్చున్నాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. పాత కంప్యూటర్లో ఖాతా తెరిచి ఉండగానే ఆ నంబరు మార్చుకోవాలి.

సర్వర్లో ఉంటే శాశ్వతం అని కూడా అనుకోకండి. రెండేళ్లు ముట్టుకోని సొంత ఖాతాలను తీసేయవచ్చని గూగుల్ నియమం పెట్టి, 2023 డిసెంబర్ నుంచి అమలు మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు వాడి ఆపేసిన ఖాతా ఉంటే, పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు అప్పుడప్పుడు తెరవండి. టేకౌట్ అని గూగుల్‌దే ఒక సౌకర్యం ఉంది. అడిగితే ఉత్తరాలన్నిటినీ ఇందాక చెప్పిన ఎంబాక్స్ ఫైలుగా మూటకట్టి ఇస్తుంది. ఏడాదికోసారి అది తీసి విడి హార్డ్‌డిస్కులో పెట్టుకుంటే మంచిది.

పాత కంప్యూటర్ ఇచ్చేసేముందు శుభ్రం చేయడంలో చాలామంది చేసే పొరపాటొకటి చెప్పి ముగిస్తాను. ఎవరి చేతికో పోతుంది కదా, చదువుతారేమోనని, మెయిల్ తెరిచి అన్నీ ఎంచుకుని డిలీట్ కొడతారు. ఆ ఖాతా ఐమ్యాప్ అయితే తుడిచింది ఆ కంప్యూటర్లో కాదు, సర్వర్లో. కొత్త కంప్యూటర్లోంచీ, ఫోన్‌లోంచీ కూడా అవి మాయమవుతాయి. జీమెయిల్ అయితే ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉంచుతుంది, ఆ లోపు గమనిస్తే బతికారు. ఉత్తరాలు తుడవకండి. ప్రోగ్రామ్‌లోంచి ఖాతాను తీసేసి, ఆ తర్వాత డిస్కు మొత్తం చెరిపించండి.

అదీ వెంటనే కాదు. కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ ఫోల్డర్లో ఎన్ని ఉత్తరాలున్నాయో రెండు కంప్యూటర్లలోనూ అంకెలు సరిచూసుకోండి. పాత ఉత్తరం ఒకటి తెరిచి అటాచ్‌మెంట్ కూడా తెరుచుకుంటోందో లేదో చూడండి. సెంట్ ఫోల్డర్ చూడండి. ఎక్స్చేంజ్ ఆఫర్లో రెండువేలు తగ్గిస్తానన్నా, పాత సామాను కొనేవాడు వీధిలో కేకేసినా తొందరపడకండి. నెల రోజులపాటు ఆ పాత కంప్యూటర్‌ను ఎవరికీ ఇవ్వకుండా అటక మీద ఉంచండి.